వెనక్కి చూడని ట్రాక్టరు

చెరువు కింది పొలాల్లో ఒక ముసలి కొంగ, తల్లి నేర్పినట్టే, ఒకే బర్రెను నమ్ముకుని బతికేది. బర్రె నడిస్తే గడ్డిలోంచి మిడతలు లేచేవి. కడుపు నిండినా నిండకపోయినా రేపటి దిగులు మాత్రం ఉండేది కాదు.

దాని కూతురు ట్రాక్టర్ల వెంట తిరిగేది. ఇవాళ ఈ మడి, రేపు ఇంకో ఊరు.

"నీ బర్రె వారమంతా పెట్టేది నాకు ఒక్క పూటలో దొరుకుతుందమ్మా," అనేది కూతురు.

"దున్నడం అయిపోయాక ఏం తింటావే?" అని తల్లి అడిగేది.

"ఇంకో ట్రాక్టరు వెతుక్కుంటా."

ఒక పొద్దున బర్రెను సంతకు తోలుకుపోయారు. కొంగ పొలిమేర దాకా దాని వీపు మీదే వెళ్లి, ఒంటరిగా తిరిగొచ్చింది. మర్నాడు కూతురు తల్లిని ట్రాక్టరు దున్నుతున్న మడికి తీసుకెళ్లింది. ముసలి కొంగ ఎన్నడూ తిననంత తింది. అయినా మాటిమాటికీ తలెత్తి ట్రాక్టరు వైపే చూసింది.

"నేను వెనకబడితే బర్రె ఆగి, తల తిప్పి చూసేది. ఇది చూడదేమే?"

"చూడదమ్మా. అది వెనక్కొచ్చేటప్పుడు తప్పుకోవాల్సింది మనమే."

ఆ మాటకు తల్లి కూతురి కాళ్ల వైపు చూసింది. ఎడమకాలికి ఒక వేలు లేదు.