ఏడుపు లేని పొద

అడవిలో ఏ గూట్లో పిల్లలకు ఎంత ఆకలుందో కొలుచుకు రమ్మని సింహం నన్ను పంపింది. నేను గాడిదను. గొంతు తప్ప మరో విద్య రాదు. అందుకే ఎంత గట్టిగా ఏడిస్తే అంత ఆకలి అని తేల్చేశాను.

నెమలి పిల్లలు చెవులు చిల్లులు పడేలా ఏడ్చాయి. "ఇంకో గీత గియ్యి గాడిదా!" అని తల్లి గదమాయించింది. పది గీతలు గీశాను. కౌజుపిట్ట పొదలో చప్పుడే లేదు. సున్నా చుట్టాను.

సింహం పంచిన గింజలన్నీ నెమలికి వెళ్లాయి. ఆకలి లేని పొద అంటూ కౌజుపిట్టకు పూలదండ వేయమన్నారు. మోసుకెళ్లింది నేనే.

"అదృష్టవంతురాలివమ్మా! ఒక్కటీ ఏడవదు," అన్నాను.

కౌజుపిట్ట రెక్క ఎత్తింది. కింద మూడు పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. శబ్దం మాత్రం రావడం లేదు.

"మొన్నటిదాకా ఏడ్చాయి గాడిదన్నా. అప్పుడు అయిదుండేవి. ఏడవడానికైనా కాస్త తినాలి కదా," అంది. తర్వాత దండలోకి తొంగిచూసి, "ఇందులో గింజలేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

అడవంతా అదిరేలా ఓండ్ర పెడదామని నోరు తెరిచాను.

గొంతు రాలేదు.