వజ్రపు పొర

"ఈ పొద్దన్నా తెలుస్తాదామ్మా?"

ల్యాబ్ తాళం తీస్తున్న లక్ష్మీప్రియ వెనక్కి తిరిగింది. జీవమ్మ. డోన్ దగ్గరి పల్లె నుంచి రోజూ మొదటి బస్సుకు కర్నూలు వచ్చి, ఇంజినీరింగ్ కాలేజీ వరండాలో గోడకానుకుని కూర్చుంటోంది.

"సాయంత్రానికి చెప్తాలే. ఏమన్నా తిన్నావా?"

జీవమ్మ లేచి ఆమె వెనకే వచ్చింది.

డోన్ అవతల రసాయనాల ఫ్యాక్టరీలో పంపులోని ద్రవం బయటికి కారకుండా ఆపే సీలు దెబ్బతిని ఆమ్లం చిమ్మింది. ఆ పక్కగా నడిచిపోతున్న ఏసుకుమార్ మీద పడింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. అతను జీవమ్మ కొడుకు.

సీలు లోపలి రింగుకు వెంట్రుక కంటే పల్చగా కృత్రిమ వజ్రపు పొర ఉంటుంది. అది పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. కారణం తేల్చమని పోలీసులు రింగును లక్ష్మీప్రియకు పంపారు.

జీవమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. "అంత చిన్న ముక్కలో ఏం చూస్తాండావమ్మా?"

"ఈ పొరను బాగా వేడి మీద పెంచుతారు. చల్లారేటప్పుడు రింగు ఒక తీరుగా, పొర ఒక తీరుగా ముడుచుకుంటాయి. ఆ ఒత్తిడి లోపలే మిగిలిపోతాది."

"పైకి కనపడదా?"

"కనపడదు. లేజర్ వేసి, తిరిగొచ్చే వెలుతురులో తేడా చూసి కొలవాల."

"ఎక్కువుంటే?"

"పొర దానంతటదే లేచిపోయిందని. చేసినోళ్ళ తప్పు. తక్కువుంటే, పంపును ఎవరో వట్టిగా తిప్పినారని. లోపల ద్రవం లేకుంటే రాపిడికి పొర మాడిపోతాది. ఆ తర్వాత ద్రవం వదిలితే సీలు ఆపలేదు, బయటికి చిమ్ముతాది."

జీవమ్మ లోపలికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "రింగుదే తప్పని రాయి తల్లీ. దేవుడు నిన్ను సల్లగా చూస్తాడు."

"కొలిచిందే రాయాల జీవమ్మా. నీ కొడుకు మీదికి మాట రాదులే. ఏసుకుమార్ పంపును ముట్టుకోనే లేదని అందరూ చెప్తాండారు."

జీవమ్మ ఏదో చెప్పబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

పొర ఇంకా అంటుకుని ఉన్న చోటల్లా లక్ష్మీప్రియ కొలిచింది. అదే విడతలో తయారైన, ఇంకా వాడని రింగును కూడా కొలిచింది. ఒత్తిడి ఎక్కడా హద్దు దాటలేదు. లేజర్ సరిచూసుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇంకెన్నిసార్లు?" అన్నాడు విభాగం పెద్ద వీరభద్ర.

"ఒక్క చోటన్నా ఎక్కువ రాకపోతుందా అని చూస్తాండా సార్. రింగు చేసిన కంపెనీ తప్పని తేలితే ఆమెకు ఏమన్నా సాయం అందుతుందేమో. రోజూ ఆ ముఖం చూడలేకున్నా."

వీరభద్ర మైక్రోస్కోపులోకి వంగి చూశాడు. పెచ్చులు లేచిన అంచు పొడుగునా నల్లగా మాడిన చార.

"వజ్రం బొగ్గయింది. ఇది వట్టిగా తిప్పిన పంపే అమ్మాయ్. నీకూ తెలుసు."

ఆమెకూ తెలుసు. మధ్యాహ్నం రిపోర్టు మీద సంతకం చేసి పంపేసింది.

సాయంత్రం వరండాలోకి వచ్చేసరికి జీవమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. లక్ష్మీప్రియ ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

"రింగులో లోపం లేదు జీవమ్మా. పంపు నడిపినోడిదే తప్పు."

"ఇంకోసారి చూడమ్మా."

"శానాసార్లు చూసినా."

జీవమ్మ రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. ఏడుపు మాత్రం రాలేదు. గొంతులోంచి ఏదో గురకలాంటి శబ్దం. లక్ష్మీప్రియ ఆ చేతులు రెండూ పట్టుకుని ఆపింది. ఓదార్చడానికి ఆమె దగ్గర ఒక్క మాటే మిగిలింది.

"నీ కొడుకును పొట్టన పెట్టుకున్నోణ్ణి ఊరికే వదలరులే. ఇప్పటికే స్టేషన్లో పెట్టినారంట. శిక్ష పడుతుంది."

జీవమ్మ తలెత్తి చూసింది.

"వాడూ నా కడుపున పుట్టినోడేనమ్మా."