లాకెర్ గుడిసె

"ఇవాళ గురువారం. గడప దాటావంటే ఊరుకోను" అంటూ అచిరో వాకిలికి అడ్డంగా నిలబడింది.

ఉతికిన చొక్కాకు గుండీలు పెట్టుకుంటున్న ఓజారా తలెత్తి పెళ్లాం వంక చూశాడు. "పనుంది. పొద్దు వాలేలోపు వచ్చేస్తాను."

"వారం వారం ఆ పని లాకెర్ గుడిసెలోనేగా?"

అతని వేళ్లు గుండీ మీదే ఆగిపోయాయి.

"మొగుడు పోయిన ఆడది. పట్టపగలు తలుపేసుకుని మీరు చేసే పనేమిటో నాకూ చెప్పు, వింటాను."

"చెప్తే నవ్వుతారు."

"ఎవరు నవ్వేది?"

"అందరూ. సారా దుకాణం దగ్గర కూర్చునేవాళ్లు ముందు నవ్వుతారు" అని, ఆమెకు భుజం తగలకుండా ఒదిగి ఒదిగి బయటపడ్డాడు.

భుజం కూడా తగలనివ్వలేదు! అచిరోకు ఒళ్లు మండిపోయింది. ఇదివరకు పొద్దున్నే భుజం పట్టుకుని కుదిపి లేపేవాడు. ఇప్పుడేమో చాపకు అంత దూరాన, కాళ్ల వైపు నిలబడి పేరు పెట్టి పిలుస్తున్నాడు. పొయ్యి దగ్గర ఉంటే వెనక నుంచి వచ్చి నడుం పట్టుకునేవాడు. ఇప్పుడు ఇల్లంతా చుట్టి ఎదురుగా వస్తున్నాడు. సొంత ఇంట్లోకి పరాయివాడిలా దగ్గి మరీ అడుగుపెడుతున్నాడు. మనసు ఇంకోచోట పడ్డాక పెళ్లాం ఒళ్లు ముళ్లకంప కాక ఇంకేమవుతుంది?

బోరింగు దగ్గర ఆడపడుచు అబెర్ ఎదురైంది. బిందె కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"అన్నయ్య ఇప్పుడే అటు పోయాడు వదినా. నవ్వుకుంటూ పోతున్నాడు."

"నవ్వుకుంటూనా?"

"మరి! లాకెర్ మాట తేనె అంట. ఆస్పత్రిలో పనిచేసే మనిషి కదా, ఎవరితో ఎలా మాట్లాడాలో తెలుసు. నీకూ నాకూ ఏం తెలుసు, సంకటి గెలకడం తప్ప?"

వెనకాల ఎవరిదో నీళ్ల డబ్బా చేయి జారి బండ మీద ధన్‌మని పడింది. మరుక్షణం అచిరో నేల మీద బోర్లా పడుంది, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని. ఆడవాళ్లు చూడనట్టే బోరింగు కొట్టుకుంటున్నారు. ఆమె లేచి, పావడాకు అంటిన ఎర్రమట్టి దులుపుకుంది.

"తేనె అని ఎవరన్నారు?" అని అడిగింది.

"ఊరంతా అంటోంది. నా నోటితో చెప్పించకు. తుపాకులవాళ్ల చెర వదిలి అడవి నుంచి వచ్చిన రోజు, కీడు పోవాలని నీ చేత గుడ్డు తొక్కించి లోపలికి తెచ్చుకున్నది మేము. నీ కాపురం చెడితే మాకు మాత్రం పరువేనా? వెళ్లి మొగుణ్ని తెచ్చుకో."

అచిరో ఖాళీ డబ్బా అక్కడే వదిలేసింది. ఇంటికి వచ్చి రోట్లోని రోకలి తీసుకుంది. దానికి అంటుకున్న నువ్వుల ముద్ద కూడా తుడవకుండా భుజాన వేసుకుని లాకెర్ ఇంటిదారి పట్టింది. దారిలో ఎవరో "నువ్వులు దంచడానికి అంత దూరమా?" అని వేళాకోళం చేశారు. ఆమె తిరిగి చూడలేదు.

గుడిసె తలుపు వేసి ఉంది. లోపల మాట వినిపిస్తోంది. ఓజారా గొంతే.

"బంగారం... లే. నేనే, ఓజారాను. ఇది మన ఇల్లు. గడియ వేసే ఉంది, ఎవరూ రారు. తెల్లారింది చూడు."

"ఇంకా మెల్లగా. ఏం తొందర?" అంది లాకెర్.

ఎవరో కిసుక్కున నవ్వారు.

"బంగారం" అంటున్నాడు ఓజారా మళ్లీ. చంటిపిల్లను జోకొట్టే గొంతు.

అచిరో తలుపుకు చెవి ఆనించింది. ఇన్నేళ్ల కాపురంలో తనను ఒక్కసారైనా బంగారం అన్నాడా? తప్పు చేస్తే చేశాడు, మగవాడు. కొట్టి, తిట్టి, ఏడ్చి ఇంటికి తెచ్చుకోవచ్చు. కానీ ఆ గొంతు! తన కోసం ఎక్కడో దాచి ఉంచాడనుకున్న గొంతు. దాన్ని తీసుకెళ్లి ఇంకొకదానికి ఇచ్చేశాడే!

తలుపును ఒక్క తన్ను తన్ని, రోకలి ఎత్తి లోపలికి దూకింది.

లాకెర్ ఆస్పత్రి నీలం గౌనులో, చాపకు దూరంగా కిటికీ దగ్గర నిలబడి ఉంది. గోడ వారగా మగవాళ్లు గొంతుక్కూర్చుని ఉన్నారు. సైకిళ్లు బాగుచేసే ఓతిమ్, బడి దగ్గర తోటమాలి, ఇంకా కొందరు. అందరూ తనకు తెలిసినవాళ్లే. తనతోపాటు అడవి నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ల మొగుళ్లు.

"ఎవరూ ఆమె వెనక్కి వెళ్లకండి" అంది లాకెర్, గొంతు పెంచకుండా. "అచిరో, తలుపు నీ వెనక తెరిచే ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లొచ్చు."

ఓజారా చాప కాళ్ల వైపు మోకాళ్ల మీద ఉన్నాడు. లేచి రాలేదు. రెండు అరచేతులూ ఆమెకు కనపడేలా తెరిచి పట్టుకున్నాడు.

"అచిరో. నేనే" అన్నాడు, అదే గొంతుతో.

చాప మీద, తలకు ఆడవాళ్ల గుడ్డ చుట్టుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనించి ముడుచుకు పడుకున్న ఆకారం మెల్లగా ఒక కన్ను తెరిచింది. ఆ గుడ్డ కింద ఇంత లావు మీసం. మాంసం కొట్టు నడిపే కిదేగా అనే అతను.

"చెల్లెమ్మా, ఆ రోకలి కాస్త దించు" అన్నాడతను. "మీ ఆయన నిన్ను బెదరగొట్టకుండా లేపడం నేర్చుకుంటున్నాడు. ఇవాళ నీ వేషం నాది."