ముగ్గురి సద్ది

సువార్తమ్మ సంచిలో మూడు చీరలు పెట్టి, వాటి మీద దుప్పటి మడిచి కుక్కింది. గడపలో కూర్చున్న మాలకొండమ్మ చూస్తూ ఉంది.

"నాలుగు రోజుల ట్రైనింగుకి దుప్పటెందుకక్కా?"

"గిద్దలూరులో దోమలు."

"మన తర్లుపాడు దోమలు నీకు చుట్టాలా ఏంది?"

ఊళ్ళో ఆడవాళ్ళను హెచ్‌ఐవి పరీక్షకు ఒప్పించడానికి సువార్తమ్మ ఏడాదిగా బొమ్మల అట్టలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పోయిన వారం చర్చి ముందు పరీక్ష పెడితే, "ముందు నీ వేలియ్యి" అని అందరూ పట్టుబట్టారు. ఆమె నవ్వుతూ వేలు చాపింది. వెనకాలే అందరూ చాపారు. జబ్బు ఇద్దరికి తేలింది. ఎవరిది వాళ్ళకే చాటుగా చెప్పారు. మాలకొండమ్మ ఏడుస్తుంటే, "నువ్వొక్కదానివే కాదు, ఇంకొకామె ఉంది" అని ఓదార్చింది సువార్తమ్మే.

"నీ మొగుడూ నా మొగుడూ ఒకే బోరుబండి మీద ఉన్నారు గదా. మీ ఆయన చేత మా ఆయనకి చెప్పిద్దామా?"

"వద్దు. ముందు నువ్వు మందులు మొదలుపెట్టు. రోజూ వేసుకుంటే నీకేం కాదు."

"సోమవారం మార్కాపురం ఆసుపత్రికి నువ్వు రాకపోతే నేను పోను."

"ఆదివారానికల్లా వస్తా."

"ఆ రెండో ఆమెను గూడా రమ్మను. పార్వతక్కేమో అనిపిస్తాంది, ఆ రోజు కొంగు అడ్డం పెట్టుకుని పోయింది."

"పేర్లు చెప్పకూడదు మాలకొండా."

"చెప్పొద్దులే. సిగ్గుపడేదేం లేదని నాకు చెప్పినావే, ఆమెకీ అట్లనే చెప్పు. ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కుని పోదాం."

సువార్తమ్మ గోడ మీది తల్లి ఫోటో తీసి, కొంగుతో తుడిచి, చీరల మధ్య పెట్టింది.

"అదెందుకక్కా?"

"అద్దం వేయించాల."

బొమ్మల అట్టలు మేకుకే వేలాడుతున్నాయి.

"అవి మరిచినావే."

"అక్కడ కొత్తవి ఇస్తారు."

ఆ బుధవారం మధ్యాహ్నం గిద్దలూరు బస్సు దాకా సంచి మోసింది మాలకొండమ్మే. కిటికీ కిందికి వచ్చి అడిగింది.

"ఆమెకు చెప్తావు గదా?"

"చెప్తా."

"వస్తుందా?"

"వస్తుంది," అంది సువార్తమ్మ, రోడ్డు వైపు చూస్తూ.

సోమవారం మాలకొండమ్మ ముగ్గురికి సద్ది కట్టుకుని రోడ్డు మీద నిలబడింది. మార్కాపురం బస్సు వచ్చి పోయింది. ఇంకోటీ పోయింది. ఎండ ఎక్కాక మూట విప్పకుండానే ఇంటిదారి పట్టింది.

ఆ రెండో ఆమె బుధవారం గిద్దలూరు బస్సెక్కింది, మళ్ళీ రాలేదు.