మొగులయ్య ఫొటో

పోయినవాళ్ల ఫొటోల వరుసలో, చందనపు దండ వేసి, బతికున్న తన భర్త మొగులయ్య ఫొటో వేలాడుతుండడం చూసిన నాగేశ్వరి చేతిలోంచి సంచి జారిపోయింది.

పటాన్‌చెరులో అది రంగయ్య ఫ్రేముల దుకాణం. పగిలిన దేవుడి పటానికి అద్దం వేయించుకుందామని వచ్చిందామె.

"బిడ్డా, ఈయన నీ పెనిమిటా? ఎప్పుడు పోయిండు?" అన్నాడు రంగయ్య జాలిగా.

"పోవుడేంది? ఇంట్ల పండుకొని ఉన్నడు."

రంగయ్య గబగబా దండ తీసేశాడు. అలవాటు కొద్దీ వేశానని, మనసులో పెట్టుకోవద్దని బతిమాలాడు. ఆ ఫొటో ఇచ్చిపోయింది కాశీనాథ్. మొగులయ్య పనిచేసే మందుల కంపెనీ డిస్పెన్సరీలో కాంపౌండరు. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేకుండా పోయిన కార్మికులకు, కర్మ నాటికి ఫ్రేము కట్టించి ఇచ్చేది ఆయనే. అందుకే ఆయన తెచ్చే ప్రతి ఫొటోకూ రంగయ్య అడగకుండానే దండ వేసేస్తాడు.

"మరి నా పెనిమిటితోని పౌడర్ సెక్షన్ల పనిచేసిన పెద్దరాములు ఫొటో ఎప్పుడు తెచ్చిండు? పోయినంకనా?"

రంగయ్య గుర్తు చేసుకుని చెప్పాడు. ఆ ఫొటోకు మేకులు కొడుతుండగా పెద్దరాములు దుకాణం ముందు నుంచే సైకిల్ మీద పోయాడు. ఫొటోలోని మనిషి ఆయనేనని అప్పుడు తట్టలేదు. అదే సెక్షన్‌లో పనిచేసి పోయిన పెంటయ్య, నర్సింహల ఫొటోలు కూడా ముందుగానే వచ్చాయి.

"నన్ను గూడ ఒకటి తియ్యమని ఎన్నిసార్లు అడిగిన్నో," అన్నాడు నెమ్మదిగా. "రీలు అయిపోయిందంటడు. తియ్యకపోవుడే మంచిదైనట్టుంది."

నాగేశ్వరి ఆ ఫ్రేమును సంచిలో పెట్టుకుని బొంతపల్లి బస్సెక్కింది. ఆదివారం. వీరభద్రుడి గుడి దగ్గర పెళ్లి ఉందని, ఫొటోలు తీయడానికి కాశీనాథ్ అక్కడే ఉంటాడని ఆమెకు తెలుసు.

బస్సులో ఆ ఫొటో తీసిన రోజే కళ్ల ముందు మెదిలింది. కాశీనాథ్ పిలవకుండానే ఇంటికొచ్చాడు. మొగులయ్యను కిటికీ పక్కన కూర్చోబెట్టి, గడ్డం కొంచెం పైకెత్తించి, వెలుతురు ముఖానికి ఒక వైపే పడేలా తెల్ల దుప్పటి అడ్డం పట్టించాడు. చాలాసేపు తీశాడు. ఆ రోజు నుంచే మొగులయ్యకు అన్నం సహించడం లేదు. డ్యూటీ నుంచి రాగానే పడుకుంటున్నాడు.

కాశీనాథ్‌కు ఫొటోల పిచ్చి మొదలైనప్పుడు నవ్వనివాళ్లు లేరు. చవక హాట్‌షాట్ కెమెరాతో ఆయుధపూజ ఫొటో తీస్తే సగం మందికి తలల్లేవు. తర్వాతి దసరాకు అంతకంటే మంచి యాషికా కెమెరా వచ్చింది. తలలు కుదిరాయి, పెళ్లిళ్లకు పిలుపులొచ్చాయి. ఇప్పుడు మెడలో ఖరీదైన నికాన్, దానికి మూరెడు లెన్సు. పటాన్‌చెరు స్టూడియోల వాళ్లే వచ్చి చూసిపోతున్నారు. కెమెరా మారినప్పుడల్లా ముఖాలు ఇంకా బాగా వస్తున్నాయి. కెమెరాలన్నీ కంపెనీ పెద్దసారు ఇచ్చిన బహుమతులని చెప్పుకుంటాడు.

తలంబ్రాల మధ్యలోంచే ఆమె కాశీనాథ్‌ను ఈవలికి పిలిచింది. సంచిలోంచి ఫ్రేము తీసి చూపించగానే ఆయన ముఖం పాలిపోయింది.

"కాశన్నా, దీనికి దండ ఏసిండు రంగయ్య."

"నేను చెప్పలే చెల్లె. ఉట్టి ఫ్రేమే కట్టమన్న."

"పెద్దరాములు ఫొటో తీసినవు, పోయిండు. పెంటయ్య పోయిండు. నర్సింహ పోయిండు. సూది నువ్వే ఇస్తవు, నెత్తురు నువ్వే తీస్తవు, ఫొటో నువ్వే తీస్తవు. ఏం చేస్తున్నవు నువ్వు?"

పెళ్లివాళ్లు ఎవరో ఫొటోగ్రాఫర్ ఎక్కడని కేకేస్తున్నారు. కాశీనాథ్ అటు తిరగలేదు.

నెగెటివ్ ఇవ్వమంది నాగేశ్వరి. ఇవ్వకపోతే ఇక్కడే అందరినీ పోగుచేస్తానంది. ఆయన బ్యాగులోంచి కాగితపు కవరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. గుడి ముందు వెలుగుతున్న కర్పూరంలో ఆమె ఆ నెగెటివ్ కాల్చింది. అది ముడుచుకుపోతూ ఘాటైన కంపు కొట్టింది. ఫ్రేములోంచి ఫొటో ఊడబెరికి అదీ కాల్చింది. మొగులయ్య గడ్డం, నోరు, కళ్లు ఒకదాని వెంట ఒకటి నల్లబడ్డాయి.

చేతులు దులుపుకుంటుంటే పొద్దుటి నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది.

"ఇగ నా మనిషికి ఏం గాదు," అంది.

కాశీనాథ్ గుడి మెట్టు మీద కూలబడ్డాడు.

"మొగులయ్యను ఇయ్యాలనే పట్నం తీస్కపో చెల్లె. పెద్ద దవాఖానకు. జల్దీ పో."

"ఎందుకు? అంత కాల్చేసిన గద."

"రేపటి నుంచి డ్యూటీకి పంపకు. పౌడర్ సెక్షన్ దిక్కే పోనియ్యకు."

"నిజం చెప్పు. ఎవల ఫొటో తియ్యాల్నో నీకు ఎట్ల తెలుస్తది?"

కాశీనాథ్ మెడలోని నికాన్ తీసి ఇద్దరి మధ్యా మెట్టు మీద పెట్టాడు. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు.

"ఎవలు బతకరో కంపెనీ చేసే నెత్తురు పరీక్షల్ల ముందే తేల్తది చెల్లె, అది వాళ్లకు చెప్పనందుకే కంపెనోళ్లు నాకీ కెమెరాలిచ్చిండ్రు."