శనివారపు సన్మానం

మేనేజరు ఎర్ర ఏప్రన్ తెచ్చి, కాలర్లు కుట్టే కాలరక్క మెడకి తగిలించి, వెనక ముడి బిగించాడు.

"చప్పట్లు!"

అందరూ కొట్టారు. కొట్టకపోతే వచ్చే శనివారం తమ మెడకే.

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో వారమంతా అందరికంటే వెనకబడ్డ మనిషికి ఆవరణలో జరిగే సన్మానమది. మళ్ళీ శనివారం దాకా ఆ ఏప్రన్ తొడుక్కునే కుట్టాలి. గోడవారన నిలబడే తినాలి.

"సిగ్గుపడితేనే మనిషి పరిగెత్తుతాడు. దీన్నే మోటివేషన్ అంటారు" అనేవాడు మేనేజరు.

తల్లి కోసం వచ్చిన కాలరక్క కూతురు గేటు ఊచల్లోంచి అంతా చూసింది.

"అమ్మా, నువ్వు ఫెయిలయ్యావా?"

ఆ మాట కాలరక్క గుండెలో ముల్లులా దిగబడింది.

"నా బిడ్డ ముందు నన్ను నిలబెట్టాడు. వాణ్ణి వాడివాళ్ళ ముందు అలాగే నిలబెట్టకపోతే నేను మనిషినే కాదు" అంది పక్క మెషీను గుండీల వదినతో.

"నిలబెడుదువుగానీలే. ముందు ఆ కాలరు సరిగ్గా నిలబెట్టు" అంది వదిన.

ఆ వారంలోనే లేబర్ కాంట్రాక్టరు కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక పెద్దావిణ్ణి తీసుకొచ్చి లైన్లో కూర్చోబెట్టాడు.

"ఈ వయసులోనా?" అని నసిగాడు మేనేజరు.

"ఇంట్లో కూర్చుంటే తిన్నది ఒంటబట్టట్లేదు బాబూ" అందావిడ.

ఆవిడ దారం ఎక్కించేలోపు పక్కవాళ్ళకి చొక్కా అయిపోయేది. నత్తమ్మ అని పేరు పెట్టేశారు.

ఇక ఏ శనివారమైనా ఏప్రన్ నత్తమ్మకే. ఆవిడ మాత్రం పిలవకముందే వెళ్ళి నిలబడేది. మేనేజరు మొహం పక్కకి తిప్పుకుని కట్టేవాడు. ముడి జారిపోయేది.

"సరిగ్గా కట్టు బాబూ, అందరూ చూస్తున్నారు" అనేది.

కాలరక్కకి ఒళ్ళు మండిపోయేది.

"నీకు సిగ్గులేదా పెద్దమ్మా? నువ్విలా నవ్వుతూ కట్టించుకుంటే వాడు జన్మలో మానడు."

"కట్టేవాడికి రావాలమ్మా సిగ్గు. నాకెందుకు?"

ఒకరోజు భోజనాల వేళ కాలరక్క మేనేజరు గది అద్దంలోంచి చూసింది. నత్తమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. మేనేజరు ఆవిడ ముందు చేతులు కట్టుకుని ఏదో చెప్తున్నాడు.

కాలరక్క పరుగున వచ్చి వదిన చెవిలో ఊదింది.

"ఇప్పుడర్థమైందా? మన కబుర్లన్నీ మోసేది ఇదే. లేకపోతే వాడు దీనికి కుర్చీ వేస్తాడా?"

"కళ్ళద్దాలు చూసి మోసపోయామే!"

"వాడి సంగతి తర్వాత. ముందు దీని తోక కత్తిరిస్తా."

విరిగిన సూదిముక్క బట్టలో దొరికితే కుట్టినవాళ్ళు ఆ క్షణమే బయటికి. అక్కడ అంతకంటే పెద్ద నేరం లేదు. శుక్రవారం నత్తమ్మ మంచినీళ్ళకి లేచినప్పుడు, ఆవిడ కట్టలోని చొక్కా మడతలో కాలరక్క సూదిముక్క గుచ్చేసింది.

తనిఖీలో అది దొరికింది.

నత్తమ్మ మొదటిసారి బతిమాలింది. "రేపొక్కరోజు ఉండనివ్వు బాబూ. ఆ తర్వాత నేనే వెళ్ళిపోతా."

"రూలు అందరికీ ఒకటే" అన్నాడు మేనేజరు. నెత్తిమీద బరువు దించుకున్నవాడిలా తన గదిలోకి వెళ్ళిపోయాడు.

కాలరక్క ఆ పూట కడుపునిండా తింది.

మర్నాడు ఎర్ర ఏప్రన్ మళ్ళీ బయటికొచ్చింది. ఈసారి నెలలు నిండిన కఫ్‌ల పిల్లకి. పొట్ట మీదుగా తాడు అందలేదు. మేనేజరు పట్టి లాగి ముడేశాడు. ముడి జారలేదు.

"చప్పట్లు!"

ఆ పిల్ల మొహం చూసి కాలరక్క ఇక ఆగలేకపోయింది. కొడుకంటే ప్రాణం పెట్టే తల్లి ఒకావిడ మేనేజరు ఇంట్లో ఉందని వాచ్‌మన్ చెప్పాడు. కాలరక్కకి కావాల్సింది అదే.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి మేనేజరు ఇంటి తలుపు దబదబా బాదింది.

తలుపు తీసింది నత్తమ్మ. చేతిలో చీపురు.

"ఓహో! ఇక్కడ పనిమనిషివి కూడానా? బాగుంది. పిలువు వాణ్ణి. వాణ్ణి కన్న మహాతల్లినీ పిలువు. కొడుకు చేసే ఘనకార్యాలు ఆవిడ చెవులారా వినాలి!"

నత్తమ్మ గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"నిన్న ఎవరికి కట్టాడమ్మా?"

"కఫ్‌ల పిల్లకి. నిండు చూలాలికి!"

నత్తమ్మ చేతిలో చీపురు జారిపోయింది.

"ఆ గుడ్డని నిన్న అందరి ముందూ తగలబెడతానని నాకు మాటిచ్చాడు. 'ఇంకొక్కసారి నీ మెడలో వెయ్యలేను, నా వల్ల కాదు' అని ఏడ్చాడు. నేను ఎదురుగా నిలబడి ఉంటే చేసేవాడే. నన్ను పంపించేశాక మళ్ళీ మొండితనం వచ్చేసింది."

"నీ మెడలో వెయ్యడానికి వాడికంత ఏడుపెందుకు?"

నత్తమ్మ పక్కకి జరిగి దారిచ్చింది.

"లోపలికొచ్చి కూర్చో తల్లీ, తిట్టదలుచుకున్నదంతా నన్నే తిట్టు, వాణ్ణి కన్నది నేనే."