కడగని పెనం

తెల్లారేసరికి కర్టిస్ క్యాంపింగ్ వ్యాన్ తలుపును ఎలుగుబంటి చీల్చేసి పోయింది.

"రాత్రి ఎంగిలి గిన్నెలేమైనా బయట వదిలేశారా?" అడిగాడు ఫారెస్ట్ రేంజరు.

"లేదండీ," అన్నాడు కర్టిస్.

"వాసనకొచ్చి ఉంటే పట్టి దూరపు అడవిలో వదిలేవాళ్లం. ఊరికే మనుషుల మీదికొచ్చే జంతువునైతే చంపక తప్పదు. మావాళ్లు దాని వెనకే ఉన్నారు."

"మా ఆయనకి మతిమరుపు లేదండీ," అంది మార్లీన్, పిల్లలకు అట్లు వేస్తూ. "ఈ ప్రయాణంలో వంట నాది, గిన్నెలు ఆయనవి. ఒక్కటి వదలడు."

ఆ మెప్పు విని కర్టిస్ రేంజరు వైపు తిరిగాడు. "కాదు... బేకన్ మాంసం వేయించిన పెనం వ్యాన్ మెట్టు మీదే వదిలేశాను. బద్ధకించాను."

రేంజరు వాకీటాకీ అందుకున్నాడు. "ఆగండి! కాల్చకండి!"

కొండవాలులో తుపాకీ పేలింది. రేంజరు అటు పరుగెత్తాడు.

"నామీద అంత నమ్మకమేంటి నీకు?" అన్నాడు కర్టిస్.

మార్లీన్ తలెత్తలేదు. "నమ్మకం కాదు. ఎలుగుబంటి నాకిన పెనాన్ని పొద్దున్నే కడిగి దాచింది నేనే. నీకు చివాట్లు తప్పుతాయనుకున్నా."